నూలు మిల్లులో పోయే దూది: చిన్న చిన్న దిద్దుబాట్లతో ఎంత ఆపొచ్చు?

స్పిన్నింగ్ మిల్లుల గురించి ఈ మధ్య వస్తున్న వార్తల్లో ఎక్కువ భాగం ధరల చుట్టూనే తిరుగుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో దిగుమతి పత్తిపై పడిన 11 శాతం సుంకాన్ని కేంద్రం 2025 ఆగస్టులో తాత్కాలికంగా ఎత్తేసింది. ఆ మినహాయింపును తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించింది. అదే ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. దూది ఎంతకు దొరుకుతుంది, నూలు ఎంతకు పోతుంది అన్న రెండు అంకెలూ మిల్లు చేతిలో లేనివి. చాలావరకు మిల్లు గేటు లోపలే తేలే అంకె ఇంకొకటుంది. కొన్న ప్రతి 100 కిలోల దూదిలో ఎన్ని కిలోలు నూలై బయటికి వెళ్తున్నాయన్నదే అది. మిల్లు వాళ్లు దీన్ని యార్న్ రియలైజేషన్ అంటారు. నూలు తయారీ ఖర్చులో సగానికి మించి, చాలా మిల్లుల్లో 60 శాతానికి పైగా, దూదికే పోతుంది. అందుకే ఇందులో ఒక్క శాతం తేడా వచ్చినా లాభనష్టాలు మారిపోతాయి.

క్లుప్తంగా

మిల్లులో తరుగు ఒకచోట కుప్పగా పడదు. పది చోట్ల కొంచెం కొంచెంగా రాలుతుంది. వేస్ట్ అమ్మకాన్ని ఆదాయంగా రాసే పద్ధతి వల్ల అసలు నష్టం పుస్తకాల్లో కనిపించదు. పుట్టిన చోటే, పుట్టిన షిఫ్టులోనే తూచి, మెషీన్‌కూ మెషీన్‌కూ ఉన్న తేడాను తగ్గించుకుంటూ పోతే కొత్త యంత్రాలు కొనకుండానే ఒకటి రెండు శాతం నిలబెట్టుకోవచ్చు. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే పొలంలోనూ జిన్నింగ్‌లోనూ మార్పు రావాలి, లేదా మిల్లు పెట్టుబడి పెట్టాలి.

100 కిలోలు ఎటు పోతాయి?

బేలు విప్పిన దూది ముందు బ్లోరూంలోకి వెళ్తుంది. అక్కడ దాన్ని విడదీసి, కొట్టి, అందులోని ఆకు నలుసులు, గింజ ముక్కలు, మట్టి రాలుస్తారు. తర్వాత కార్డింగ్‌లో సన్నని ముళ్ల తీగ మీద పీచు పీచుగా దువ్వి స్లైవర్‌గా, అంటే మెత్తని తాడులాంటి దూది పట్టీగా, తీస్తారు. సన్న రకం నూలు కావాలంటే కోంబర్ మీద మళ్లీ దువ్వి పొట్టి పీచును తీసేస్తారు. ఆపైన స్లైవర్లను కలిపి సాగదీసే డ్రాఫ్రేం, దాన్ని రోవింగ్ అనే సన్నని పేటగా మార్చే సింప్లెక్స్, రోవింగ్‌ను మెలేసి నూలు తీసే రింగ్‌ఫ్రేం, ఆ నూలును కోన్‌లకు చుట్టే ఆటోకోనర్ వరసగా ఉంటాయి.

కోంబర్ లేని మామూలు కార్డెడ్ నూలు తీసే మిల్లులో 100 కిలోల దూదికి 85 నుంచి 88 కిలోల నూలు వస్తే పని బాగానే సాగుతున్నట్టు. మిగతాదాంట్లో బ్లోరూంలో సుమారు 3 నుంచి 5 కిలోలు, కార్డింగ్‌లో 4 నుంచి 6 కిలోలు పోతాయి. ఫిల్టర్లలో చేరే ధూళి, నేల ఊడ్పులు, దారం ముక్కలు కలిపి ఇంకో రెండు కిలోల దాకా పోతాయి. ఒకటి, ఒకటిన్నర కిలో తేమగానూ గాలిలో కలిసే సన్న నూగుగానూ లెక్కకు చిక్కకుండా పోతుంది. కోంబర్ ఉంటే అక్కడ అదనంగా 12 నుంచి 20 శాతం నాయిల్‌గా, అంటే దువ్వి తీసేసిన పొట్టి పీచుగా, పక్కకు వెళ్లిపోతుంది. అందుకే కోంబ్డ్ నూలుకు 70 కిలోల పైచిలుకే చేతికొస్తుంది.

ఇందులో పోవాల్సినదీ ఉంది, పోకూడనిదీ ఉంది. దూదిలో 3 శాతం చెత్త ఉంటే అది బయటికి పోయి తీరాలి. లోపల మిగిలితే నూలులో మచ్చలై తేలుతుంది. నష్టమంతా ఆ చెత్తతో కలిసి వెళ్లిపోయే మంచి పీచులో ఉంది. కార్డు (కార్డింగ్ మెషీన్) కింద, దూదిని మొదట అందుకునే లికరిన్ రోలరు దగ్గర రాలిన వేస్ట్‌ను గుప్పెడు తీసి వేళ్లతో విడదీసి చూస్తే తేడా తెలుస్తుంది. గింజ తొక్కలు, ఆకు పొడి ఎక్కువగా ఉండి బూడిదరంగులో కనబడితే మెషీన్ తన పని తాను చేస్తున్నట్టు. తెల్లగా, మెత్తగా, పొడుగు పీచుల పింజలు తగిలితే కత్తి సెట్టింగు తప్పిందని, పనికొచ్చే దూది కిందికి పోతోందని అర్థం. ల్యాబ్‌లో ట్రాష్ ఎనలైజర్ మీద వేసి చూస్తే ఆ వేస్ట్‌లో దూది ఎంత, చెత్త ఎంత అన్నది అంకెల్లో తేలుతుంది. ఈ పరీక్ష నెలకోసారి ఏదో ఒక కార్డు మీద చేసే మిల్లుకూ, ప్రతి కార్డు మీదా వంతులవారీగా చేసే మిల్లుకూ రియలైజేషన్‌లో తేడా రావడం సహజం.

పుస్తకాల్లో కనిపించని నష్టం

ఇంత విలువైన దూది పోతుంటే ఎవరికీ ఎందుకు పట్టదు? అందుకు కారణం చాలావరకు లెక్కలు రాసే పద్ధతిలోనే ఉంది. మామూలు లెక్కల్లో వేస్ట్ అమ్మిన డబ్బు ఆదాయం పద్దులో చేరుతుంది. నెలాఖరుకు ఆ అంకె పెరిగితే బాగుందనిపిస్తుంది కూడా. ఆ వేస్ట్‌ను దూదిగా కొనడానికి ఎంత పోశామో, అది కార్డు దాకా, రింగ్‌ఫ్రేం దాకా రావడానికి ఎంత కరెంటు, ఎంత కూలి అయిందో ఆ పద్దులో ఉండదు.

ఓ ఉదాహరణ లెక్క చూద్దాం. క్యాండీ, అంటే 356 కిలోల దూది, రూ.55,000 అనుకుంటే కిలో సుమారు రూ.154 పడుతుంది. 100 కిలోల్లో 14 కిలోలు నూలు కాకుండా పోతే వాటికి పెట్టిన కొనుగోలు ధరే దాదాపు రూ.2,160. అందులో 13 కిలోలు సగటున కిలో రూ.50 చొప్పున అమ్ముడైనా తిరిగొచ్చేది రూ.650. రూ.1,500 పైన పోయినట్టే, అదీ కరెంటూ కూలీ కలపకముందు. జర్మనీలో పుట్టి, 2000 తర్వాత జపాన్‌లో బాగా ఊపందుకున్న మెటీరియల్ ఫ్లో కాస్ట్ అకౌంటింగ్ అనే పద్ధతి చేసేది సరిగ్గా ఇదే. సరుకుకూ వేస్ట్‌కూ వేరువేరుగా ఖర్చు కట్టి చూపిస్తుంది. 2011లో దీనికి ఐఎస్ఓ 14051 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. వేస్ట్‌కు ఒక ధర చీటీ తగిలించగానే యాజమాన్యం చూపు మారుతుంది. ఈ పద్ధతి వల్ల జరిగే పెద్ద మేలు అదే.

ఇంకో రకం వేస్ట్ ఇంతకన్నా లోతుగా దాక్కుంటుంది. రింగ్‌ఫ్రేంలో తెగిన పోగు నుంచి పీల్చిన దూది, తెగిన స్లైవర్ ముక్కలు, మిగిలిపోయిన రోవింగ్ అన్నీ మంచి దూదే కనుక వాటిని మళ్లీ బ్లోరూంలో కలిపేస్తారు. మిల్లుల్లో దీన్ని సాఫ్ట్ వేస్ట్ అంటారు. బయటికి పోలేదు కాబట్టి నష్టం కింద ఎవరూ రాయరు. కానీ ఒకసారి కొట్టి, దువ్విన పీచును మళ్లీ కొడితే, దువ్వితే అది తెగి పొట్టిదవుతుంది, ముడులు పడుతుంది. రెండో విడతలో అందులో కొంత కార్డు కిందికో, కోంబర్ నాయిల్‌లోకో జారిపోతుంది. రింగ్‌ఫ్రేం దగ్గర పుట్టిన నష్టం కార్డింగ్ ఖాతాలో పడుతుంది. ఏ విభాగంలో ఎంత పోయింది అని మాత్రమే చూస్తే దీని మూలం ఎప్పటికీ దొరకదు.

తెగిన పోగు దగ్గర ఏం జరుగుతుంది?

రింగ్‌ఫ్రేం అంటే ఒకే వరసలో వందలాది స్పిండిళ్లు తిరిగే పొడవాటి మెషీన్. ఒక స్పిండిల్ మీద పోగు తెగినా మెషీన్ ఆగదు. పైన రోలర్లు దూదిని వదులుతూనే ఉంటాయి. ఆ దూది పక్క రోలర్లకు చుట్టుకోకుండా కింద ఒక గాలి గొట్టం దాన్ని పీల్చి, ఫ్రేం చివర ఉన్న పెట్టెలోకి పంపుతుంది. దాని పేరు న్యుమాఫిల్. సైడర్, అంటే ఫ్రేములను కనిపెట్టుకునే కార్మికుడు లేదా కార్మికురాలు, రెండు ఫ్రేముల మధ్య నడుస్తూ వచ్చి, తెగిన చోట స్పిండిల్‌ను ఆపి, కాప్ (నూలు చుట్టుకునే గొట్టం) మీద కొస వెతికి, ట్రావెలర్ (రింగు మీద తిరిగే చిన్న కొక్కెం) కిందుగా తీసి, రోలర్ దగ్గర అతికించేదాకా పీల్చుడు సాగుతూనే ఉంటుంది.

ఇక్కడి లెక్క చాలా తేలిక. 1,000 స్పిండిళ్ల ఫ్రేంలో ఏ క్షణంలో చూసినా 20 పోగులు తెగి ఉంటే, ఆ ఫ్రేంలోకి వెళ్లే దూదిలో 2 శాతం నేరుగా పెట్టెలో పడుతోందన్నమాట. దీన్ని తగ్గించడానికి రెండు దారులున్నాయి. సైడర్ ఒక చుట్టు త్వరగా పూర్తిచేసేలా చూడటం ఒకటి. అసలు తెగుడు తగ్గించడం రెండోది. మొదటి దారిలో భారమంతా మనిషి కాళ్ల మీద పడుతుంది, పైగా అది ఎంతో దూరం తీసుకెళ్లదు. ఫలితం రెండో దారిలో ఉంది, ఎందుకంటే తెగుళ్లు అన్ని స్పిండిళ్ల మీదా సమానంగా రావు. పదేపదే తెగేవి కొన్నే ఉంటాయి. రింగుకు నడిమధ్యన లేని స్పిండిల్, అరిగిన ట్రావెలర్, పగుళ్లు పడ్డ ఆప్రాన్ (పీచును పట్టి నడిపే రబ్బరు పట్టీ), వదులైన టేపు (స్పిండిల్‌ను తిప్పే పట్టీ) వంటివే కారణాలు. పోగు అతికించిన ప్రతిసారీ ఆ స్పిండిల్ ముందు సుద్దముక్కతో ఒక గీత పెట్టమంటే, షిఫ్టు ముగిసేసరికి ఎక్కడ గీతలు గుంపుగా పడ్డాయో ఫిట్టర్‌కు కంటికి కనబడుతుంది. ఫ్రేమంతా విప్పి చూడక్కర్లేదు, ఆ పది పదిహేను చోట్ల చూస్తే చాలు. ఇప్పుడు ప్రతి స్పిండిల్ తెగుడునూ సెన్సర్ పట్టి తెర మీద చూపించే ఏర్పాట్లు వచ్చాయి. అవి చేసేదీ ఆ సుద్దముక్క పనే, కాకపోతే విడవకుండా, మరచిపోకుండా చేస్తాయి.

ఇలా చిన్న చిన్న దిద్దుబాట్లతో సాగే నిరంతర మెరుగుదల అనగానే అందరికీ కార్ల ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. కానీ దాని మూలాల్లో ఒకటి దారం తెగడం దగ్గరే ఉంది. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో సిద్ధం చేసిన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగగానే తనంతట తాను ఆగిపోయేది. ఆగకపోతే ఏమవుతుంది? తప్పుపడిన గుడ్డ గజాల కొద్దీ నేస్తూనే పోతుంది, అంత నూలూ దండగ. ఆ మగ్గం పేటెంటు హక్కులను 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ సంస్థ లక్ష పౌండ్లకు కొనుక్కుంది. తర్వాతి కాలంలో టొయోటా ఉత్పత్తి విధానానికి రూపమిచ్చిన తాయిచి ఓనో కూడా 1932లో చేరింది టొయోడా వారి నూలు, నేత సంస్థలోనే. 1943లో గానీ ఆయన కార్ల కంపెనీకి మారలేదు. తప్పు జరిగిన క్షణంలోనే పని ఆగాలి, కారణం దొరికాకే మళ్లీ మొదలవ్వాలి అన్న సూత్రం వాళ్లకు నూలు పని నేర్పినదే. ఈ మధ్య రింగ్‌ఫ్రేంలకు వస్తున్న రోవింగ్ స్టాప్ పరికరం సరిగ్గా ఈ సూత్రం మీదే నడుస్తుంది. పోగు తెగగానే ఆ ఒక్క స్పిండిల్‌కు రోవింగ్ అందడం ఆగిపోతుంది. పీల్చడానికి దూదే ఉండదు.

సగటు ఒకటే చూస్తే చాలదు

కోంబర్ దగ్గర సమస్య వేరు. ఇక్కడ తీసేసేది కావాలనే తీస్తారు. నాయిల్ తక్కువ తీస్తే పొట్టి పీచు నూలులో మిగిలి, నూలు నాసిగా వస్తుంది. ఎక్కువ తీస్తే మంచి పీచు పోతుంది. మరి ఎంత తీయాలి?

ఒక మిల్లులో పది కోంబర్లున్నాయని, కొన్నవాళ్లు అడిగే నాణ్యత రావాలంటే ఏ కోంబర్ మీదా 15 శాతం కన్నా తక్కువ నాయిల్ తీయకూడదని అనుకుందాం. మెషీన్‌కూ మెషీన్‌కూ తేడా అటు రెండున్నర, ఇటు రెండున్నర ఉంటే, అన్నిటికన్నా తక్కువ తీసే మెషీన్ 15 దగ్గర ఉండాలి కాబట్టి సగటును 17.5 దగ్గర పెట్టుకోక తప్పదు. టాప్ కోంబ్ సూదులు శుభ్రం చేసి, విరిగినవి మార్చి, గ్రిప్ దూరాలన్నీ ఒకేలా సరిచేసి, ల్యాప్ (కోంబర్‌కు అందించే దూది చుట్ట) బరువు నిలకడగా ఉంచి ఆ తేడాను అటూ ఇటూ ఒక శాతానికి దించితే సగటును 16కు తేవచ్చు. నూలు నాణ్యత మారలేదు, కొత్త మెషీన్ రాలేదు. ఒకటిన్నర శాతం దూది మిగిలింది.

చాలా మిల్లులు సగటునే లక్ష్యంగా పెట్టుకుంటాయి. నాయిల్ 17 వస్తోంది, 16కు తగ్గించండి అని ఆదేశం వెళ్తుంది. కింద వాళ్లు అన్ని మెషీన్లనూ ఒకేసారి ఒక శాతం దించుతారు. అప్పటికే తక్కువ తీస్తున్న మెషీన్ ఇంకా తగ్గి, నూలు చెడి, ఫిర్యాదు వస్తుంది. నెల తిరక్కుండానే సెట్టింగు మళ్లీ మొదటికొస్తుంది. పొదుపు మా దగ్గర కుదరదు అనే మాట ఇలాంటి అనుభవం నుంచే పుడుతుంది. తప్పు పొదుపులో లేదు, తేడాను వదిలేసి సగటును పట్టుకోవడంలో ఉంది.

ఈ ఆలోచనకు పునాది వేసిన వాల్టర్ షూహార్ట్ 1924లో, అంటే టొయోడా మగ్గం వచ్చిన ఏడాదే, అమెరికాలోని బెల్ సంస్థలో తొలి కంట్రోల్ చార్ట్ గీశారు. ఎప్పుడూ ఉండే చిన్న ఊగిసలాట ఏది, ప్రత్యేక కారణంతో వచ్చిన తేడా ఏది అని ఆ చార్ట్ వేరుచేసి చూపిస్తుంది. ఆయన 1947–48లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆహ్వానంపై మన దేశానికి కూడా వచ్చారు. ఆ సంస్థకు ఈ పని చూసే విభాగం హైదరాబాద్‌లోనూ ఉంది. అహ్మదాబాద్‌లో 1947లో ఏర్పడిన అటిరా, కోయంబత్తూరులో 1956లో ఏర్పడిన సిట్రా అనే జౌళి పరిశోధన సంస్థలు మిల్లులకు ఈ లెక్కలు నేర్పుతూ వచ్చాయి. విద్య మనకు కొత్తది కాదు. రోజూ వాడే అలవాటే చాలా చోట్ల నిలబడలేదు.

పొలం నుంచి వచ్చే తరుగు

మిల్లు ఎంత జాగ్రత్తపడినా, బేలుతో పాటు వచ్చే చెత్తను మిల్లు ఆపలేదు. మన దగ్గర పత్తి చేత్తో ఏరతారు. యంత్రంతో కోసే దేశాలతో పోలిస్తే ఆకు చెత్త తక్కువగా ఉండాలి నిజానికి. కానీ ఇక్కడ వేరే బెడద ఉంది: యూరియా బస్తాల నుంచి ఊడే ప్లాస్టిక్ పీచు, తల వెంట్రుకలు, రంగు గుడ్డ పోగులు. దూది రంగు పట్టినట్టు ప్లాస్టిక్ పీచు పట్టదు. అది నూలులో కలిసిపోయి, గుడ్డకు అద్దకం వేశాక తెల్లని గీతలా బయటపడుతుంది. అప్పటికి ఆ గుడ్డ మీద అందరి ఖర్చూ అయిపోయి ఉంటుంది.

అందుకే ఆటోకోనర్ మీద సెన్సర్లు పరాయి పీచు కనబడగానే దారాన్ని కోసి మళ్లీ అతుకుతాయి. ఒక్కో కోతకు రెండు కొసలూ కలిపి ఒకటిన్నర మీటరు దారం పోతుందనుకుంటే, లక్ష మీటర్లకు 60 కోతలు పడిన చోట పోయేది 90 మీటర్లు. శాతంలో చూస్తే 0.09 మాత్రమే. కానీ ఇది పూర్తయిన నూలు. కొన్నప్పటి నుంచి పెట్టిన ఖర్చంతా అందులో ఉంది. కోసిన ప్రతిసారీ మెషీన్ ఆగుతుంది, అతుకు పడిన చోట దారం కాస్త బలహీనపడుతుంది.

దీనికి మందు పత్తి చేలో ఉంది. బస్తా బదులు గుడ్డ సంచి, చీర వాడటం, ఆరబెట్టేచోట టార్పాలిన్ పరచడం పెద్ద ఖర్చేమీ కాదు. అయినా జరగదు, ఎందుకంటే ఏరే కూలీకి కిలోల లెక్కన డబ్బు ముడుతుంది, రైతుకు ధర పింజ పొడవు, మైక్రోనేర్ (పీచు సన్నదనపు కొలత), తేమ చూసి కడతారు. శుభ్రంగా తెచ్చినవాడికి పైసా ఎక్కువ రానప్పుడు శ్రమ ఎందుకు పడతాడు? జిన్నింగ్ దగ్గర ఇదే విషయం ఇంకోలా నడిచింది. 2000లో మొదలైన కాటన్ టెక్నాలజీ మిషన్ కింద జిన్నింగ్ మిల్లుల ఆధునికీకరణకు ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. సిమెంటు ప్లాట్‌ఫారాలు, పత్తిని చేత్తో మోయకుండా గాలితో పంపే గొట్టాలు, ముందస్తు క్లీనర్లు వచ్చాయి. దూదిలో చెత్త శాతం తగ్గింది. మార్పు చేసినవాడికి గిట్టుబాటు కనబడిన చోటే అది నిలిచింది.

తేమ మాట కూడా ఇక్కడే. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రాల్లో 8 శాతం దాటితే ధర తగ్గుతుందని, 12 దాటితే కొనరని పత్తి రైతులందరికీ తెలుసు. మిల్లుకూ అదే చిక్కు. తడి దూది కొంటే నీళ్లకు డబ్బిచ్చినట్టు, అది మిల్లులో ఆరిపోయి కనిపించని తరుగుగా తేలుతుంది. నూలుకు వాణిజ్యంలో ఒప్పుకున్న తేమ 8.5 శాతం కాబట్టి, చాలా మిల్లులు కోన్‌లకు ఆవిరి పట్టి ఆ మేరకు బరువు తిరిగి తెచ్చుకుంటాయి. నూలుకు కూడా అది మంచిదే. అయితే దీన్ని దూది పొదుపుగా చూపించుకోవడం సరికాదు. ఒక్క పీచు కూడా అందులో మిగల్లేదు.

భయం ఉంటే అంకెలు నిజం చెప్పవు

వేస్ట్ తూచడం మొదలుపెట్టగానే మిల్లులో ఒక టెన్షన్ మొదలవుతుంది. ఎవరి ఫ్రేంలో ఎక్కువ వచ్చిందో వాళ్లను నిలదీస్తారని. జీతంలో కోత పడుతుందన్న భయం ఉంటే వేస్ట్ తగ్గదు, దాగుతుంది. రోలర్‌కు చుట్టుకున్న దూదిని కత్తితో కోసి తీసినవాడు దాన్ని పక్క ఫ్రేం పెట్టెలో వేయొచ్చు, నేల ఊడ్పుల్లో కలపొచ్చు. పై అధికారికి వెళ్లే కాగితం మీద అంకె బాగుంటుంది, రియలైజేషన్ మాత్రం కదలదు.

అదే ల్యాపింగ్‌ను, అంటే దూది రోలర్‌కు చుట్టుకోవడాన్ని, ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ వెళ్తే కథ వేరుగా ఉంటుంది. దూది రోలర్‌కు ఎందుకు అంటుకుంది? ఆ వరసలో గాలి పొడిగా ఉంది. ఎందుకు పొడిగా ఉంది? తేమ చల్లే నాజిళ్లలో కొన్ని పూడుకుపోయాయి. ఎందుకు పూడుకున్నాయి? నీళ్లలో సున్నం ఎక్కువ, వడపోత మార్చలేదు. ఎందుకు మార్చలేదు? అది స్పిన్నింగ్ వాళ్ల పనో, యుటిలిటీ వాళ్ల పనో ఎక్కడా రాసి లేదు. సైడర్‌కు ఎంత కోత వేసినా ఈ నాలుగో జవాబు దొరికేది కాదు. పనివాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి పనిచేస్తున్న మిల్లుల్లో చిక్కు ఇంకా పెద్దది. మేస్త్రీకీ పనివాళ్లకూ మధ్య భాషే సరిగా కలవదు. ఆరు నెలలకు ఒక గుంపు మారిపోతుంటే నేర్చుకున్నది మిల్లులో మిగలదు. మనుషులను నిలబెట్టుకోలేని చోట మెరుగుదల నిరంతరంగా సాగడం చాలా కష్టం.

చిన్న మెట్లు ఎక్కడ ఆగుతాయి?

ఈ పద్ధతితో అంతా సాధ్యమని చెప్పడం కూడా తప్పే. రియలైజేషన్ 84 దగ్గరున్న మిల్లు 86కు రావడం తేలిక, 88 దగ్గరున్న మిల్లు 89కి వెళ్లడం కష్టం. ఒక హద్దు దాటాక కార్డు వేస్ట్ తగ్గిస్తే చెత్త, ముడులు నూలులోకి వస్తాయి. దూదిలో మిగిల్చింది నూలు ధరలో పోతుంది.

కొన్ని పరిశ్రమల్లో వృథా యంత్రం తయారీలోనే ఇమిడి ఉంటుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌నే తీసుకుంటే, 20 మిల్లీమీటర్ల పలక కోసేటప్పుడు పక్కనే 7 మిల్లీమీటర్ల గాటు పోతుందనుకుందాం. రాయిలో నాలుగో వంతుకు పైగా బురదగా మారిపోతుంది. ఎంత శ్రద్ధగా పనిచేసినా ఆ గాటు సన్నబడదు. సన్నని వైరు ఉన్న కొత్త యంత్రం కొనాల్సిందే. అక్కడ పనివాడి నేర్పు పలకలు విరగకుండా చూస్తుంది, గాటును తగ్గించలేదు. నూలు మిల్లులో పరిస్థితి ఇంత కఠినం కాదు. వృథాలో పెద్ద వాటా సెట్టింగుల్లో, నిర్వహణలో, మెషీన్ల మధ్య తేడాలో ఉంది. చిన్న దిద్దుబాట్లు బాగా పనిచేసే పరిశ్రమల్లో ఇది ఒకటి కావడానికి కారణం అదే.

ముందు ముందు ఏం జరగొచ్చు?

25,000 స్పిండిళ్ల మీద 40 నంబరు (నూలు సన్నదనపు కొలత) నూలు తీసే మిల్లులో రోజుకు సుమారు 9 టన్నుల నూలు వస్తుంది. రియలైజేషన్ 86 నుంచి 87కు పెరిగితే అంతే నూలుకు రోజుకు 120 కిలోల దూది తక్కువ చాలు. ఏడాదిలో 350 రోజులు నడిస్తే 42 టన్నులు. పై ధరనే తీసుకుంటే దాదాపు రూ.65 లక్షలు. అమ్మడానికి ఇక ఉండని వేస్ట్ విలువ రూ.21 లక్షలు తీసేసినా రూ.44 లక్షలు మిగులుతాయి. దేశంలో హెక్టారుకు దూది దిగుబడి సగటున 450 కిలోల లోపే ఉంది కాబట్టి, ఈ 42 టన్నులు దాదాపు 230 ఎకరాల పంట. 2013–14లో 398 లక్షల బేళ్లు పండిన దేశంలో ఇటీవల ఉత్పత్తి 300 లక్షల దగ్గరికి దిగింది. దూది దొరకడమే కష్టమవుతున్న కాలంలో రూపాయల లెక్క కన్నా ఈ ఎకరాల లెక్కే బరువైనది.

సాయం కూడా కొంత అందుబాటులో ఉంది. 2023 మార్చిలో కేంద్రం కొత్త రూపంలో తెచ్చిన ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) లీన్ పథకం, అంటే వృథా తగ్గించుకోవడానికి తోడ్పడే పథకం, బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అనే మూడు దశల్లో ఉంటుంది. నిపుణుల సలహాకయ్యే ఖర్చులో 90 శాతం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి మధ్యతరహా సంస్థ పరిమితి రూ.125 కోట్ల పెట్టుబడికి, రూ.500 కోట్ల టర్నోవరుకు పెరిగింది. దాంతో గుంటూరు వైపు నడిచే మధ్యస్థాయి నూలు మిల్లులు కొన్ని ఈ గొడుగు కిందికి రావడానికి వీలు కలిగింది. నేల మీద పసుపు గీతలు, గోడ మీద బోర్డులు, ఒక సర్టిఫికెట్ దగ్గర పని ఆగిపోతే మాత్రం దూది మిగలదు. ఏ కార్డు కింద ఎంత రాలుతోందన్న అంకె ఆ బోర్డు మీద రోజూ మారుతోందా లేదా అన్నది చూస్తే పథకం పనిచేసిందో లేదో తెలుస్తుంది.

ఈ మార్పు విస్తరిస్తే ఒక ప్రభావం గేటు బయట కూడా కనిపించొచ్చు. ఈ రోజు వేస్ట్ అంటున్నది ఇంకొకరికి ముడిసరుకు. కార్డు వేస్ట్, నాయిల్ కొని ముతక నూలు తీసే ఓపెన్ ఎండ్ మిల్లులు ఉన్నాయి, ఆసుపత్రి దూది తయారీదారులు ఉన్నారు. మన కరెన్సీ నోట్ల కాగితం కూడా కోంబర్ నాయిల్ నుంచే తయారవుతుంది. రింగ్ మిల్లులు వేస్ట్ తగ్గించేకొద్దీ వీళ్లకు సరుకు తగ్గి, ధర పెరుగుతుంది. అప్పుడు పైన వేసుకున్న కిలో రూ.50 లెక్క మారిపోతుంది. నాయిల్‌ను ఇంకో అర శాతం తగ్గించడానికి శ్రమపడాలా, మంచి ధరకు అమ్ముకోవాలా అన్నది ప్రతి మిల్లూ తన కోంబర్ల అంకెలు ముందు పెట్టుకుని ప్రతి సీజన్‌లోనూ మళ్లీ తేల్చుకోవాల్సి వస్తుంది.